కోర్టు పంపేది కుర్రాణ్ని, మారాల్సింది ఇల్లు కూడా

పద్నాలుగేళ్ల కుర్రాడు ఇంట్లోనో పక్కింట్లోనో చిన్నపిల్లతో లైంగికంగా తప్పుగా ప్రవర్తించాడని తెలిస్తే ముందు కోపం వస్తుంది, ఆ వెంటనే 'ఇప్పుడే ఇలా ఉంటే పెద్దయ్యాక ఏం చేస్తాడో' అన్న భయం. అమెరికాలో జువెనైల్ కోర్టులు ఇలాంటి పిల్లల్ని పంపిన చికిత్సలు చాలాకాలం ఆ భయం మీదే నడిచాయి. జైళ్లలో పెద్దవాళ్ల కోసం తయారైన పద్ధతినే, నాన్న చొక్కా చేతులు మడిచి కొడుక్కి తొడిగినట్టు, వీళ్లకీ తొడిగారు. గుంపులో కూర్చోబెట్టి చేసినవన్నీ చెప్పించడం, కొన్నిచోట్ల లై డిటెక్టర్ పరీక్ష కూడా.

ఆ భయానికి ఆధారం ఎంత? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ కాల్డ్‌వెల్ 2016లో 106 లెక్కల్ని, అంటే 33 వేలకు పైగా పిల్లల వివరాల్ని కలిపి చూస్తే, మళ్లీ లైంగిక నేరంలో దొరికినవాళ్లు 5 శాతం లోపే. 2000 తర్వాతి అధ్యయనాల్లో అది 2.75 శాతం. దొరికినవాళ్ల లెక్కే ఇది, బయటపడనివి ఇందులో ఉండవు. అయినా మనం ఊహించుకునేదానికి ఇది చాలా దూరం.

మరి ఏది పనిచేస్తుంది? మిస్సోరి విశ్వవిద్యాలయంలో చార్లెస్ బోర్డువిన్ బృందం వాడిన మల్టీసిస్టమిక్ థెరపీలో థెరపిస్టే ఇంటికొస్తాడు. బాధిత పిల్ల అదే ఇంట్లో ఉంటే ఆమెకు రక్షణ ఎలా, ఎవరు ఏ గదిలో పడుకుంటారు, బడి అయ్యాక వీడి మీద ఎవరి కన్ను ఉంటుంది, 'మావాడు అలాంటివాడు కాదు' అని తల్లి ఇంకా ఎందుకు అంటోంది, వీడి స్నేహితులెవరు, ఇవన్నీ చికిత్సలో భాగమే. 2009లో వచ్చిన పరీక్షలో 48 మందిని లాటరీలాగా రెండు గుంపులు చేసి, సగటున దాదాపు 9 ఏళ్లపాటు గమనించారు. మళ్లీ లైంగిక నేరానికి అరెస్టయినవాళ్లు ఈ పద్ధతిలో 8 శాతం, మామూలు కౌన్సెలింగ్‌లో 46 శాతం. పైన చెప్పిన 5 శాతం పక్కన ఆ 46 వింతగా కనిపిస్తుంది, నిజమే. గుంపు చిన్నది, కేసులు తీవ్రమైనవి. కాబట్టి శాతాల్ని అందరికీ అంటగట్టకుండా తేడాను మాత్రం చూడాలి.

కోర్టు ఆర్డర్ వల్ల ఒక మేలుంది, విసుగొచ్చినా కుటుంబం మధ్యలో మానేయదు. కానీ థెరపిస్టు రిపోర్టు కోర్టుకు వెళ్తుంది, కుర్రాడు కొత్త సంగతి ఒప్పుకుంటే అది కొత్త కేసయ్యే ప్రమాదమూ ఉంది. అన్నీ కక్కేస్తేనే చికిత్స అనే పాత పద్ధతికి ఇక్కడే నాకు చిక్కు కనిపిస్తుంది.

మన దగ్గర 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు పిల్లాణ్ని కౌన్సెలింగ్‌కో చికిత్సా కేంద్రానికో పంపొచ్చు, ప్రొబేషన్ మీద ఇంటికీ పంపొచ్చు. ఇంటికి పంపితే వాడి సత్ప్రవర్తనకు తల్లిదండ్రులు మూడేళ్లు మించకుండా బాండు రాసివ్వాలి. మిస్సోరి థెరపిస్టు మాట్లాడటం మొదలుపెట్టేది సరిగ్గా ఆ సంతకం పెట్టినవాళ్లతోనే.