పొలిమేర కంప వెనుక కరీంనగర్

పరకాల వైపు ఒక ఊరి వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా గొడవ నడుస్తోంది. జ్వరాల వార్తలు చూసి ఒక పెద్దమనిషి పాత ఫోటో పెట్టాడు. 2020 మార్చి నాటిది. ఊరి మొదట్లో కల్వర్టు దగ్గర రోడ్డుకు అడ్డంగా తుమ్మ కంప, కంపకు తాడుతో కట్టిన అట్టముక్క, దాని మీద బొగ్గుతో 'మా ఊరికి ఎవరూ రావొద్దు'. 'అప్పుడు ఊరిని ఇట్లనే కాపాడుకున్నం, అవసరం పడితే మళ్లా వేద్దాం' అని కింద రాశాడు. ముప్పై మంది దండాలు పెట్టారు. ఆ ఫోటోలో కల్వర్టు గోడ మీద మూత పెట్టిన ఒక స్టీలు గిన్నె కూడా ఉంది. ముంబై దగ్గరి భివండిలో సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసే ఆ ఊరి యువకుడు దాన్ని గుర్తుపట్టాడు. 'అది మా అవ్వ గిన్నె. నేను కంపకు ఇవతల ఉన్న' అని రాశాడు. గొడవ అక్కడ మొదలైంది.

లాక్‌డౌన్ ఎప్పుడు పెట్టారు, ఎన్నిసార్లు పొడిగించారు అన్నది అందరికీ తెలిసిందే. ఆ కంప ఎక్కడ నుంచి వచ్చిందో అర్థం కావాలంటే మాత్రం కరీంనగర్ దగ్గర ఆగాలి.

2020 మార్చి 14న ఇండోనేషియా నుంచి వచ్చిన మత ప్రచారకుల బృందం ఒకటి ఢిల్లీ నుంచి సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌లో రామగుండంలో దిగి కరీంనగర్ చేరింది. 18వ తేదీ నాటికి వాళ్లలో చాలామందికి పాజిటివ్ అని తేలింది. అప్పటిదాకా తెలంగాణ మొత్తంలో కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కరోనా అంటే విమానం ఎక్కేవాళ్ల జబ్బు, హైదరాబాద్ జబ్బు అని మన దగ్గర అనుకునేవాళ్లు. ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా మేడారం జాతర జరిగింది. అప్పటికే కేరళలో కేసు బయటపడింది. అయినా గద్దెల దగ్గర ఒకరి భుజాల మీద ఒకరు పడుతూ మొక్కులు చెల్లించుకున్నారు. కోడికూర తింటే కరోనా వస్తుందన్న పుకారుతో ఆ నెలంతా జనం భయపడింది దానికే. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో మంత్రులే వేదిక మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది.

కరీంనగర్‌తో భయం తీరు మారింది. జబ్బు మనకు తెలిసిన రైల్లో, తెలిసిన స్టేషన్‌లో దిగింది. అంతకంటే ముఖ్యం, అది 'బయటి మనిషి' రూపంలో దిగింది. మార్చి 30న, ఢిల్లీ మర్కజ్‌కు (తబ్లీగీ జమాత్ కేంద్రానికి) వెళ్లొచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారని ముఖ్యమంత్రి కార్యాలయం ప్రకటించాక ఆ రూపం ఇంకా గట్టిపడింది. ఏళ్ల తరబడి గల్లీల్లో పండ్లు అమ్ముకుంటున్న ముస్లింలను కూడా ఆపి 'నువ్వు ఎక్కడి నుంచి వచ్చినవ్' అని అడిగిన రోజులవి.

అయితే కరీంనగర్‌లో అదే వారం ఇంకొకటి జరిగింది. దాని గురించి ఎవరూ ఫోటోలు పెట్టుకోరు. ముకరంపుర చుట్టుపక్కల వీధులు మూసేశాక ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. గడప ముందు నిలబడి దగ్గుందా, జ్వరముందా, ఎవరెవరిని కలిశారు అని అడిగి రాసుకున్నారు. పేర్లు పట్టుకుని వెతికారు. మూసిన వీధుల్లోకి పాలు, కూరగాయలు పంపారు. కరీంనగర్ నిలదొక్కుకుంది ఆ పని వల్లే అని నేను నమ్ముతాను. బారికేడ్ వెనకాల ఆశా వర్కర్ లేకపోతే ఆ బారికేడ్‌తో ఏమీ అయ్యేది కాదు. టీవీలో మాత్రం పొద్దంతా బారికేడే కనిపించింది. ఊళ్లు దాన్నే నేర్చుకున్నాయి.

మార్చి 22న జనతా కర్ఫ్యూ. మన రాష్ట్రంలో ఇరవై నాలుగు గంటలు పాటించారు. ఆ సాయంత్రమే 31 దాకా లాక్‌డౌన్ ప్రకటన వచ్చింది, బస్సులు బంద్, ఐదుగురికి మించి గుమికూడొద్దు అన్నారు. 24న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, జనం మాట వినకపోతే కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు ఇవ్వాల్సి వస్తుందని హెచ్చరించారు. అంత మాట పైనుంచి వచ్చాక కింద కంప పడటంలో ఆశ్చర్యం లేదు.

కంప వేసినవాళ్ల మాటా వినాలి. జ్వరమొస్తే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి దాకా పోవాలి, బస్సు లేదు. పరీక్ష చేయాలంటే మొదట్లో శాంపిల్ హైదరాబాద్ గాంధీ ఆస్పత్రికి పోవాలి. ఇంట్లో ముసలివాళ్లున్నారు. మా దగ్గర ఉన్నది కంప ఒక్కటే, అదే వేశాం అంటారు. ఆ రెండు నెలలు ఊళ్లో ఒక్క కేసు రాలేదని కూడా చెబుతారు. అది నిజమే. కంప వేయని పక్క ఊళ్లోనూ రాలేదు. జులై, ఆగస్టుల్లో జబ్బు నిజంగా ఊళ్లలోకి వచ్చే నాటికి ఆ ఊరికి కంప లేదు.

మన పెద్దలు గత్తరను (కలరాను) చూసినవాళ్లు. గత్తరొస్తే ఊరంతా గిన్నెలు, మూటలు సర్దుకుని చేన్లల్లో గుడిసెలు వేసుకునేదని మా నాయనమ్మ చెప్పేది. పోచమ్మకు మొక్కి, వేపకొమ్మలు పట్టుకుని, ముసలీముతకను బండి మీద ఎక్కించుకుని అందరూ కలిసే పోయేవారట. ఒకరిని బయట పెట్టి మిగతావాళ్లు లోపల ఉన్న కథ ఆమె నోట నేను వినలేదు.

ఇక ఆ యువకుడి సంగతి. ఫోన్‌లో గంటసేపు మాట్లాడాడు. సాంచెలు ఆగిపోతాయని తెలిసి రైలెక్కాడు. కాజీపేటలో దిగేసరికి మార్చి 21 రాత్రి. కర్ఫ్యూ రోజంతా స్టేషన్ దగ్గరే గడిపి, మర్నాడు కొంత నడిచి, కొంత ఎవరో బండి ఎక్కించుకుంటే వచ్చాడు. కంప దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. నలుగురూ చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవాళ్లే. 'రాకు తమ్మీ, ఏమనుకోకు' అన్నారు. బాయి కాడ కొట్టంలో ఉండమన్నారు. అతను ఎదురు చెప్పలేదు. తన వల్ల బాపుకు ఏమన్నా అయితే అన్న టెన్షన్ అతనికీ ఉంది.

రోజూ పొద్దున అవ్వ వచ్చి గిన్నె కల్వర్టు గోడ మీద పెట్టి పది అడుగులు వెనక్కి జరిగేది. అతను వచ్చి తీసుకునేవాడు. 'తిన్నవా బిడ్డా' అని అక్కడి నుంచే అరిచేది. రాత్రి తిన్న గిన్నె బోరు నీళ్లతో కడిగి, ఎండకు పెట్టి, మళ్లీ అక్కడే పెట్టేవాడు. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి ఊళ్లో కరెంటు లైట్లు ఆర్పి దీపాలు పెట్టినప్పుడు కొట్టం దగ్గర నుంచి చూశాడు. ఇల్లు ఏదో గుర్తుపట్టడానికి ప్రయత్నించానన్నాడు.

మర్నాటితో పద్నాలుగు రోజులు నిండాయి. ఇంకో పద్నాలుగు ఉండమన్నారు. రేషన్ కార్డు మీద మనిషికి పన్నెండు కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు అదే నెలలో వచ్చాయి. ఆ బియ్యమే అవ్వ గిన్నెలో వచ్చేది.

బయటి మనిషి అన్న ముద్ర అతనొక్కడి మీదే పడలేదు. ములుగు వైపు మిర్చి ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు ఏప్రిల్‌లో అడవి దారిన నడుచుకుంటూ వెళ్లారు. వాళ్లలో పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఇల్లు చేరకుండానే చనిపోయింది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మంది కూలీలతో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. సరిగ్గా వారానికి, బీహార్‌లోని ఖగడియా నుంచి రైస్ మిల్లుల హమాలీలను ఎక్కించుకుని ఇంకో రైలు లింగంపల్లికి వచ్చింది. యాసంగి వడ్లు వచ్చి పడుతున్నాయి, బస్తాలు ఎత్తేవాళ్లు కావాలి. వాళ్లకు పరీక్షలు చేసి బస్సుల్లో మిల్లులకు పంపారు. అదే మే నెలలో ముంబై నుంచి సొంత జిల్లాలకు తిరిగొచ్చిన మనవాళ్లను హెల్త్ బులెటిన్‌లో 'వలసదారులు' అని వేరుగా లెక్క రాశారు.

ఆ ఊళ్లోనూ వడ్లు కోతకొచ్చాయి. ఏప్రిల్ మూడో వారంలో, అతను బాయి కాడ ఇరవై ఏడో రోజు ఉండగా, హార్వెస్టర్ వచ్చింది. నడిపేది వేరే రాష్ట్రం మనిషి, పక్కన ఇద్దరు హెల్పర్లు. ఊరివాళ్లే కంపను పక్కకు గుంజారు. కొట్టం పక్క మడి మధ్యాహ్నానికి కోయడం అయిపోయింది. హెల్పర్ ఒకడు వచ్చి ఇతని దగ్గరే మంచినీళ్లు అడిగి తాగాడు. సాయంత్రం మిషన్ వెళ్లిపోయాక కంప మళ్లీ అడ్డం పెట్టారు.

ఫోటో పెట్టిన పెద్దమనిషికి కూడా ఫోన్ చేశాను. కోపం చేసుకోలేదు. 'వడ్లు రాలిపోతుంటే ఏం చేస్తం, కోత ఆగితే ఊరంతా మునుగుతది' అన్నాడు. ఎట్లాగూ కంప తీశారు కదా, అప్పుడే ఆ పిల్లగాణ్ని కూడా లోపలికి పిలవొచ్చు కదా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'అప్పుడు మాకెవ్వరికీ యాదికి రాలే సార్' అన్నాడు.