ఉప్పుగాలిలో తుపాకీ

శ్రీకాకుళంలో కొన్ని బ్యాంకుల ముందు భుజాన 12 బోర్ డబుల్ బ్యారెల్ తగిలించుకుని ఓ మాజీ జవాను కూర్చుని ఉంటాడు. ఆ తుపాకీ పేలి ఏళ్లయి ఉంటుంది. పేలాల్సిన అవసరం రాకూడదనే అందరం కోరుకుంటాం. కానీ పేల్చని తుపాకీ పాడవదనుకుంటే పొరపాటే. సముద్రతీరంలో తుపాకీని తినేసేది వాడకం కంటే గాలే ఎక్కువ.

ఇనుము తుప్పు పట్టాలంటే ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. నీరంటే వానలో తడవక్కర్లేదు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఉక్కు మీద కంటికి కనబడనంత పల్చటి నీటిపొర చేరి, తుప్పు ఊపందుకుంటుంది. మన వైపు వానాకాలంలో తేమ అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది. దానికి ఉప్పు తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. నౌపడ ఉప్పుమళ్ల చుట్టుపక్కల ఊళ్లలో అడిగితే గోనెసంచిలో కల్లుప్పు ఎలా చెమర్చుతుందో చెబుతారు. శుద్ధమైన సోడియం క్లోరైడ్ అయితే తేమ 75 శాతం వచ్చేదాకా పొడిగానే ఉంటుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా కలిసి ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు, గాలిలోని నీటిని లాక్కుని అందులోనే కరిగిపోతుంది. అలలు విరిగినప్పుడు లేచిన తుంపర ఎండిపోయి, ఈ ఉప్పురేణువులే ఎగురుకుంటూ వచ్చి కిటికీ ఊచల మీద, సైకిల్ చైను మీద, తుపాకీ గొట్టం మీద వాలతాయి. తుప్పు పట్టేటప్పుడు లోహంలో ఎలక్ట్రాన్లు, పైనున్న నీటిపొరలో అయాన్లనే ఆవేశకణాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతాయి. మామూలు నీటిలో కంటే ఉప్పునీటిలో ఆ పని చాలా జోరుగా సాగుతుంది.

సముద్రం దాకా ఎందుకు, చెమట చాలు. మే నెలలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టుకున్న తుపాకీని తిప్పి చూడండి. గొట్టం అడుగున, ఎడమచెయ్యి పడే చోట, వేళ్ల ఆకారంలోనే గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. గొట్టానికి ఉన్న నల్లటి రంగు పెయింటు కాదు. అదీ ఇనుము ఆక్సైడే, పేరు మాగ్నటైట్. మిల్లీమీటరులో వెయ్యో వంతో, రెండు వంతులో ఉండే ఆ పొర సొంతంగా కాపాడేది తక్కువ. నూనెను పట్టి ఉంచుతుంది, అదే దాని ఉపయోగం.

అయితే నూనె విషయంలోనే ఒక పెద్ద అపోహ ఉంది. "నూనె రాసీసాను బాబూ, ఇంకేటవుద్ది?" అంటాడు గార్డు ధీమాగా. ఉప్పు నూనెలో కరగదు. ఉప్పు మీద నూనె రాస్తే ఉప్పు ఎక్కడికీ పోదు, నూనె కింద ఉండి తన పని తాను చేసుకుంటుంది. ఈ సంగతి పాత సైనికులకు బాగా తెలుసు. 1757లో బొబ్బిలి యుద్ధం నాటి నల్లటి తుపాకీమందు కాలినప్పుడు గొట్టంలో పొటాషియం లవణాలు మిగిలేవి. తర్వాతి రోజుల్లో తూటా అడుగున ఉండి మందును అంటించే క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ వాడారు. అది పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే వంటింటి ఉప్పుకి దగ్గరి చుట్టం. అందుకే 303 రైఫిళ్ల కాలంలో గరాటు పెట్టి మరీ గొట్టంలోకి సలసల మరిగే నీళ్లు పోసేవారు. తుప్పు పట్టే వస్తువుకి నీళ్లేమిటని కొత్తవాళ్లు నవ్వుకునేవాళ్లేమో గానీ, రసాయనశాస్త్రం ప్రకారం అదే సరైన పద్ధతి. ఉప్పును నీరే కరిగించి తీసుకుపోతుంది, ఆ వేడికి గొట్టం తొందరగా ఆరుతుంది. తర్వాత పుల్‌త్రూ తాడుకి చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగి, బాగా ఆరాకే నూనె. ఇప్పటి తూటాల్లో చాలావరకు క్లోరేట్ లేదు కాబట్టి మరిగే నీళ్ల అవసరం తగ్గింది. గాలిలోని ఉప్పు మాత్రం తగ్గలేదు. ముందు తుడవడం, తర్వాతే నూనె.

ఏ నూనె? ఇంట్లో ఉన్నదే కదా అని నువ్వులనూనె రాస్తారు కొందరు. అందులో సుమారు 40 శాతం ఉండే లినోలిక్ ఆమ్లం ఆక్సిజన్‌తో కలిసి, నెలలు గడిచేకొద్దీ చిక్కబడి బంకగా మారుతుంది. పొయ్యి పక్క అరమీద పేరుకునే జిడ్డు ఇలాంటిదే. కొబ్బరినూనె అంత తొందరగా బంకగా మారదు గానీ 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. విజయనగరంలో జనవరి రాత్రికి సీసాలో ఏమవుతుందో మనకు తెలియంది కాదు. ఆ బంకో, ఆ గడ్డో తూటా క్యాపును కొట్టే ఫైరింగ్ పిన్ చుట్టూ చేరితే స్ప్రింగు బలమంతా దాన్ని నెట్టడానికే ఖర్చయిపోతుంది. పిన్ను క్యాపును తాకుతుంది కానీ గట్టిగా కొట్టదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంటుంది. అప్పుడు కంగారుపడి వెంటనే తెరవకూడదు. మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి గొట్టాన్ని ఎవరూ లేని వైపు ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి.

ఎక్కువ నూనె కూడా మేలేమీ కాదు. దుమ్ము పట్టి గరుకు ముద్దవుతుంది, భుజానికి ఆనించే చెక్క బట్టులోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. గొట్టం వంగే కీలు దగ్గర సన్నటి నూనె నిలవదు. బరువు ఎక్కువ, కదలిక తక్కువ కావడంతో పక్కకి పిండుకుపోతుంది. అక్కడ గ్రీజు కావాలి.

తుపాకీ మొరాయిస్తే తప్పంతా పట్టుకున్నవాడి మీదకే నెట్టడం మనకు అలవాటు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులకు ఎం-16 రైఫిళ్లు ఇచ్చినప్పుడు, వాటిని పెద్దగా శుభ్రం చేయక్కర్లేదన్న ప్రచారం సాగింది. చాలామందికి శుభ్రం చేసే సామగ్రి కూడా అందలేదు. ఈలోగా తూటాల్లో మందు రకం మార్చారు, అది ఎక్కువ మసి వదిలేది. తూటా కూర్చునే అరకి క్రోమియం పూత లేదు. ఆ తేమలో ఖాళీ తూటాలు ఇరుక్కుపోయి రైఫిళ్లు పోరు మధ్యలో ఆగిపోయాయి. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి సైనికుల్ని కాదు, ఆ వ్యవహారాన్ని నడిపిన అధికారుల్ని తప్పుబట్టింది. తర్వాత క్రోమియం పూత వచ్చింది, సామగ్రీ వచ్చింది. మన బ్యాంకు గార్డు సంగతికొస్తే, నూనె సీసా, గుడ్డ, పుల్‌త్రూ ఎవరు కొనాలన్న ప్రశ్న దగ్గరే వ్యవహారం ఆగిపోవచ్చు. తన తుపాకీకి తన జీతంలోంచే నూనె కొనుక్కోమనడం నాకైతే న్యాయంగా అనిపించదు.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేయడం మామూలే. తోలు కవర్లోనో, కాన్వాస్ సంచిలోనో పెట్టి ఇస్తే అది తేమను లోపలే పట్టి ఉంచుతుంది. నెలల తర్వాత తెచ్చుకున్నాక ముందు తెరిచి తూటా లేదని చూసుకుని, గొట్టంలోంచి వెలుతురు వైపు చూడాలి. మట్టిగూడు కట్టే కందిరీగలకు ఆ సైజు కన్నం బాగా నచ్చుతుంది. చూడకుండా తూటా పెట్టి పేలిస్తే గొట్టమే పగలొచ్చు.