స్క్రబ్ టైఫస్: డాక్సీసైక్లిన్ వెనుక కథ

పర్లాకిమిడి, గుణుపూర్, కాశీనగర్ ప్రాంతాల తెలుగు ఇళ్లలో వానాకాలంలో జ్వరం వస్తే మొదట మలేరియా అంటారు, రక్తపరీక్షలో అది తేలకపోతే టైఫాయిడ్ అంటారు. దక్షిణ ఒడిశా కొండలు దశాబ్దాల పాటు మలేరియాకు పెట్టింది పేరు కాబట్టి ఆ అనుమానం సహజమే. అయితే పొదల్లో, గడ్డిలో ఉండే మైట్ అనే అతిచిన్న పురుగు పిల్లలు కుట్టినప్పుడు ఓరియెన్షియా బాక్టీరియా ఒంట్లోకి చేరి కలిగించే స్క్రబ్ టైఫస్ కూడా దాదాపు ఇవే లక్షణాలతో మొదలవుతుంది.

దీని చికిత్స చరిత్ర టైఫాయిడ్‌తోనే ముడిపడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులను ఈ జ్వరం పీడించినప్పుడు దానికి సరైన మందే లేదు. 1948లో జోసెఫ్ స్మేడెల్ నాయకత్వంలోని అమెరికా బృందం కౌలాలంపూర్‌లో స్క్రబ్ టైఫస్ రోగులకు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూడగా, వారిలో కొందరికి ఉన్నది నిజానికి టైఫాయిడ్ అనీ, వారికీ ఆ మందు పనిచేసిందనీ తేలింది. టైఫాయిడ్‌కు మందు దొరికింది ఆ పొరపాటు పుణ్యమా అనే. కానీ 75 ఏళ్లు దాటినా ఆ రెండు జ్వరాలను కలగలిపే అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు.

ఆ 1948లోనే ఆరియోమైసిన్ వెలుగులోకి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల సంస్థ లెడర్లీలో పరిశోధనకు సారథ్యం వహిస్తుండగా, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఈ మందే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ల కుటుంబానికి ఆద్యం. (సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.) ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌కు 1967లో అమెరికాలో అనుమతి లభించింది. క్లోరాంఫెనికాల్ అరుదుగానైనా ఎముక మజ్జను దెబ్బతీస్తుందని తెలిసి దాని వాడకం తగ్గాక, స్క్రబ్ టైఫస్‌కు ఇదే ప్రధాన ఔషధమైంది.

ఇక్కడి చిక్కంతా మందుల దుకాణం దగ్గర మొదలవుతుంది. జ్వరమనగానే చేతికొచ్చే సెఫిగ్జిమ్ వంటి సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్‌లు బాక్టీరియా కణకవచం కట్టుకోకుండా అడ్డుపడతాయి. ఓరియెన్షియా మన కణాల లోపలే దాక్కుని, నామమాత్రపు కవచంతో బతుకుతుంది కాబట్టి దానిపై అవి పనిచేయవు. డాక్సీసైక్లిన్ కణంలోకి వెళ్లి బాక్టీరియా ప్రోటీన్ తయారీనే ఆపుతుంది. డాక్టరు చీటీ లేకుండా సెఫిగ్జిమ్ అమ్మరాదనీ, అమ్మకాన్ని రిజిస్టరులో రాయాలనీ షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచి దేశమంతటా అమల్లో ఉంది. పర్లాకిమిడికైనా, పక్కనున్న పాతపట్నానికైనా అదే చట్టం. ఖరీదైనదే బలమైన మందన్న నమ్మకం ముందు ఆ నిబంధన నిలవడం కష్టమే.

పురుగు కుట్టిన చోట ఏర్పడే నల్లని పక్కు అందరిలో కనిపించదు. ఏర్పడినా చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో బట్టల చాటున ఉండటంతో వెతికితే తప్ప దొరకదు. ఆలస్యమై ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిన్న రోగుల విషయంలో, డాక్సీసైక్లిన్, మరో యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్‌లలో ఏదో ఒకటి ఇవ్వడం కన్నా రెండింటినీ కలిపి నరంలోకి ఎక్కించడమే మేలని భారతదేశంలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది.