పెద్ద పొక్లెయిన్ దించితే సెల్లార్ త్వరగా అయిపోతుందా?

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు సెల్లార్ తవ్వకాలకు ప్లానింగ్ నా పని. మీటింగుల్లో మళ్లీ మళ్లీ వినే మాటలివి.

అపోహ: కేటలాగ్‌లో ఎంత రాస్తే సైట్‌లో అంత వస్తుంది.

వాస్తవం: 20 టన్నుల పొక్లెయిన్, 0.9 క్యూబిక్ మీటర్ల బకెట్, 20 సెకన్లకో బకెట్ అనుకోండి. కాగితం మీద గంటకు 162 క్యూబిక్ మీటర్లు. గుంతలోకి దిగాక లెక్క మారిపోతుంది. పగిలిన రాయి సందులు వదిలేసి కూర్చుంటుంది కాబట్టి బకెట్ 70 శాతం నిండితే మేలు, అంటే 0.63. ఇరుకులో తిరిగి పోయడానికి 30 సెకన్లు. 10 క్యూబిక్ మీటర్ల లోడుకు 16 బకెట్లు, 8 నిమిషాలు. టిప్పర్ రివర్స్‌లో వచ్చి నిలబడటానికి ఇంకో 2. గంటకు 6 బండ్లు, 60 క్యూబిక్ మీటర్లు. అదీ వదులు రాయి! గ్రానైట్ పగిలితే దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కాబట్టి గుంతలో నిజంగా తగ్గింది 40. ట్రిప్పులు లెక్కపెట్టి తవ్వకం అయిపోతోందని సంబరపడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

‘బాడీలో 14 పడుతుంది కదా, 10 ఎందుకు?’ అంటారు. మట్టికైతే సరే. పగిలిన గ్రానైట్ క్యూబిక్ మీటరుకు 1.75 టన్నులకు పైనే తూగుతుంది. పది చక్రాల టిప్పర్‌కు బండి బరువుతో కలిపి అనుమతి 28.5 టన్నులు. బాడీ నిండకముందే కాంటా నిండుతుంది.

అపోహ: పని వెనకబడితే టిప్పర్లు పెంచాలి.

వాస్తవం: లోడింగ్‌తో కలిపి ట్రిప్పుకు 80 నిమిషాలు, బండికి 10 నిమిషాల లోడింగ్ అయితే 8 టిప్పర్లు చాలు. తొమ్మిదోది ర్యాంప్ దగ్గర నిలబడుతుంది. ట్రాఫిక్‌లో ట్రిప్పు 100 నిమిషాలైతే మాత్రం 10 కావాలి. డంపింగ్ చోటు మారిన రోజే ఈ లెక్క మళ్లీ వేయాలి.

అపోహ: ఇంకా పెద్ద పొక్లెయిన్ తెస్తే సరి.

వాస్తవం: మొరం ఉన్నంతవరకు నిజమే. షీట్ రాక్ (పరుచుకున్న గట్టి బండ) తగిలాక వేగాన్ని తేల్చేది బ్రేకర్, అంటే రాయిని పొడిచి పగలగొట్టే యంత్రం. ఇళ్ల మధ్య రాత్రిపూట బ్రేకర్ మోత కుదరదు, పగలు చాలా రోడ్లలో టిప్పర్లకు ఆంక్షలు. కాబట్టి పగలు పగలగొట్టి, రాత్రి ఎత్తాలి. ఈ రెండూ గంటకు కాదు, రోజుకు సరిపోవాలి. గంటకు పైన చెప్పిన 40 చొప్పున రాత్రి 8 గంటలు ఎత్తితే 320 క్యూబిక్ మీటర్లు. పగలు 10 గంటల్లో అంత పగలాలంటే గంటకు 32. ఒక్కో బ్రేకర్ గంటకు 8 ఇస్తుంటే 4 బ్రేకర్లు. (పగిలాక ఆ 320 కాస్తా 480 అవుతుంది, అది పోసుకోవడానికి గుంతలో చోటు చూసుకోండి.) అద్దె మిగులుతుందని ఒక బ్రేకర్ తీసేస్తే పగిలేది 240. అది ఆరు గంటల్లో ఎత్తేస్తారు. మిగతా రెండు గంటలూ పొక్లెయిన్‌కూ, 8 టిప్పర్లకూ ఊరికే అద్దె కట్టాలి.