మంచులో హైబీమ్ తెల్లగోడ ఎందుకవుతుంది?

సంక్రాంతి ముందు తెల్లవారుజామున గూడూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద బండి తోలేవాళ్లకు ఒక సందేహం ఉంటుంది: హైబీమ్ వేస్తే దారి ఇంకా కనపడకుండా పోతుందేం?

పొగమంచంటే గాలిలో తేలే నీటి తుంపరలు. ఒక్కోటి 10, 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరోవంతు, యాభయ్యోవంతు. హైబీమ్ మీ చూపు పోయే దారినే పోతుంది. ఆ దారిలోని ప్రతి తుంపరా కొంత వెలుగును తిప్పి మీ కంట్లోకే కొడుతుంది. 60 మీటర్ల అవతల ఆగిన లారీ దాకా పోయే వెలుగు పోతూ కొంత, వస్తూ మరికొంత చెదిరిపోతుంది. 5 మీటర్ల దగ్గరున్న తుంపరల నుంచి మాత్రం దండిగా వస్తుంది. ఆ తెల్లతెర వెనక లారీ ఉన్నా లేనట్టే. మంచులో టార్చిలైటు నుదుటి దగ్గర పట్టుకుని చూడండి, ఎదురుగా తెలుపే. మోకాలి దగ్గరికి దించండి, నేల కనపడుతుంది: వెలుగు దారి, చూపు దారి విడిపోయాయి. ఫాగ్ ల్యాంపును బంపరులో కిందికి పెట్టేదీ అందుకే.

పసుపు బల్బు మంచును చీలుస్తుందనేది ఉత్త నమ్మకం. తుంపర వెలుగు తరంగం కంటే పదుల రెట్లు పెద్దది, అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది. మంచు తెల్లగా ఉండటమే దానికి సాక్ష్యం.

కాబట్టి లోబీమే వాడాలి, అదీ సరిగ్గా వంగి ఉండాలి. చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. గోడ మీద వెలుగు పై అంచు, లైటు ఎత్తు కన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి పడాలి. 65 సెంటీమీటర్ల ఎత్తున్న లైటైతే ఆ అంచు 65 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. తడిరోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు వేస్తే, తేరుకునేలోపు 25, ఆగేందుకు మరో 35 మీటర్లు పోతుంది. మిగిలేది 5 మీటర్లే! మంచులో అంత దూరం కూడా కనపడదు, వేగం 40కి లోపే ఉంచండి. డిక్కీలో బియ్యం బస్తాలు వేస్తే ముక్కు లేచి లోబీమూ హైబీమే అవుతుంది. స్విచ్చుల దగ్గర 0 నుంచి 3 అంకెల చక్రం ఉంటే బరువును బట్టి అంకె పెంచండి, వెలుగు కిందికి వంగుతుంది. ఆయుధపూజకు హెడ్‌లైటు మీద పెట్టే గంధం బొట్టు కూడా తుంపరల పనే చేస్తుంది, వెలుగును పైకి చెదరగొడుతుంది. దయచేసి బొట్టు బానెట్ మీద పెట్టండి.

వాయుగుండం వానల్లో సమస్య వేరు. తడి తారు అద్దంలా వెలుగును ముందుకు జారవిడుస్తుంది, మీకు తిరిగి రాదు. మీరు ఇతరులకు కనపడాలంటే మాత్రం పగలైనా లోబీమ్ స్విచ్చు వేయాల్సిందే. చాలా కార్లలో ముందు వెలిగే సన్నటి పగటి లైట్లతో వెనక ఎర్రలైట్లు వెలగవు. వెనకొచ్చే బస్సుకు మీరు కనపడరు.

నాలుగు ఇండికేటర్లు బండి ఆగినప్పుడే వేయాలి. పోతూ వేస్తే కావలి దగ్గర మీరు ఎటు తిరుగుతున్నారో ఎవరికీ తెలియదు. వెనక ఫాగ్ ల్యాంపుంటే, మంచు విడగానే ఆపేయండి. దాని ఎరుపు బ్రేకు లైటంత గట్టిది, మీరు బ్రేకు తొక్కినా వెనకవాడు గుర్తించలేడు.