ఆరినట్టు కనిపించే ఉప్పు

గాలపు కర్రకు బిగించే దారపు రీలును పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచి, సంచిలో పెట్టి అటకెక్కించాను. ఆ రోజు విశాఖలో రాళ్లగట్టు మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గాలం వేస్తే పడ్డవి అరచెయ్యంత చేపలు రెండే. అయినా సామాను మీద మాత్రం శ్రద్ధ చూపించాననే అనుకున్నాను. మూడు వారాల తర్వాత తీస్తే పిడి తిరగలేదు. కాస్త బలం పెడితే లోపల ఇసుక నలిగినట్టు కరకరమంది. మూతకున్న స్క్రూల్లో ఒకటి ఎంతకీ ఊడలేదు. మిగతావి తీసేసి, ఆ ఒక్కదాని చుట్టూ మూతను పక్కకు తిప్పి చూశాను. పాలపొడి చల్లినట్టు అంతటా తెల్లటి పొడి.

తుడిచాను కదా, తడి ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు వంటింట్లోనే ఉంది. వానాకాలం ఉప్పు డబ్బా మూత తీస్తే అడుగున చెమ్మ. అందులో నీళ్లు ఎవరూ పోయలేదు, గాల్లోంచి ఉప్పే లాక్కుంది. శుద్ధమైన సోడియం క్లోరైడు ఆ పని చెయ్యాలంటే గాల్లో తేమ 75 శాతం దాటాలి. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, దానికి 33 శాతం చాలు. రాళ్ల ఉప్పు మెత్తటి ఉప్పు కంటే ముందు చెమ్మగిల్లడానికి కారణం ఇదే. విశాఖలాంటి ఊళ్లో గాలి అంత పొడిగా ఉండే రోజులు ఎన్నని!

సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నదులు వచ్చి కలిసే బంగాళాఖాతంలో, ముఖ్యంగా వరదల కాలంలో, ఇంకొంచెం తక్కువ. అయినా రీలు సందులో ఒక్క చుక్క ఆరితే మిల్లీగ్రాము పైన ఉప్పు మిగులుతుంది. గుడ్డ నీటిని పీలుస్తుంది గానీ సందుల్లోని ఉప్పును అందుకోలేదు. ఆ ఉప్పు రాత్రిపూట గాల్లోని తేమ తాగి మళ్లీ ఉప్పునీరవుతుంది. నేను గట్టు మీద గడిపింది ఒక్క రోజు, నా రీలు మాత్రం అటక మీద ఇరవై రోజులు సముద్రంలోనే ఉంది.

ఇక లోహాల సంగతి. చాలా రీళ్లలో ఒళ్లు అల్యూమినియం, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలు, చిన్న పళ్లచక్రం ఇత్తడి. రెండు వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే అది చిన్న బ్యాటరీ. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకునే లోహం అరిగిపోతుంది, రెండోది నిక్షేపంగా ఉంటుంది. ఇక్కడ అరిగేది అల్యూమినియం. మామూలుగా దాన్ని పలచని ఆక్సైడు పొర కాపాడుతుంది, కానీ ఉప్పులోని క్లోరైడు ఆ పొరకు చిల్లులు పెడుతుంది. స్టీలుకూ ఆ క్లోరైడు పడదు. అందుకే మన ఇళ్లలో ఆవకాయ స్టీలు డబ్బాలో కాక జాడీలో ఊరుతుంది. రంగు పెచ్చు లేచిన చోట మరీ ప్రమాదం, దాడంతా ఆ చిన్న జాగా మీదే పడుతుంది. అలా పుట్టిన తెల్లపొడి, కరిగిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. స్క్రూ మరల్లో అది బిగుసుకుందంటే స్క్రూడ్రైవరుకు పని లేనట్టే.

అన్నిటికంటే ఎక్కువ ఉప్పు తినేది దారం దొర్లే చిన్న చక్రం. దారం చుట్టిన కండె తిరగకుండా ఉండే ఈ రకం రీలుకు 1905లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఉన్ని మిల్లుల మనిషి. కదలని కండె మీంచి దారం జారిపోవడం మిల్లుల్లో రోజూ చూసేదే, ఆ ఊహనే రీలుకు తెచ్చాడు. దారం మళ్లీ చుట్టుకునేటప్పుడు మాత్రం తడి మూరలన్నీ ఆ ఒక్క చక్రం మీదుగానే పోవాలి. కడిగేటప్పుడు నా చెయ్యి ముందు అక్కడికే పోతుంది.

కడగడంలోనూ మెలకువ ఉంది. ఎండలో కాగిన రీలును బకెట్టు నీళ్లలో ముంచకండి. లోపలి వేడిగాలి చల్లబడి కుంచించుకుంటుంది, ఆ మేరకు బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పైపుతో గట్టిగా కొట్టినా అంతే, ఉప్పు ఇంకా లోతుకు పోతుంది. రీలు చల్లారాక, కండె పైనున్న బిగింపు మరను గట్టిగా బిగించి, మంచినీటిని సన్నటి జల్లులా పోయాలి. తర్వాత దులిపి, నీడలో గాలికి ఆరనిచ్చి, ఆ మరను వదులు చేసి పెట్టాలి. బిగించి వదిలేస్తే లోపలి ఫెల్టు బిళ్లలు అణగిపోతాయి, మళ్లీ చేప లాగినప్పుడు దారం సాఫీగా జారదు.

నూనె, గ్రీజు రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. గ్రీజంటే సబ్బులాంటి పదార్థం నూనెను స్పాంజిలా పట్టి ఉంచడం. ఒత్తిడి పడ్డప్పుడు వదులుతుంది, లేనప్పుడు ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి పళ్లచక్రాలకు గ్రీజు, వేగంగా తిరిగే బేరింగులకూ దారం చక్రానికీ ఒక్కో చుక్క నూనె. తలుపు కిర్రుమంటే కొట్టే డబ్ల్యూడీ-40ని రీలు నిండా కొట్టడం మాత్రం నాకు నచ్చదు. 1953లో అమెరికాలో నీటిని తోలడానికి తయారైన ద్రవం అది, నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని ఆ పేరు. నీటిని తోలుతుంది, నిజమే. కానీ అందులోని ద్రావకం ఉన్న గ్రీజును కూడా కరిగించి పట్టుకుపోతుంది.

కర్రకు ఇంత సేవ అక్కర్లేదు. దారం దూరే రింగుల్లో చిన్న దూది ఉండ తిప్పి చూడండి, పోగు చిక్కుకుంటే లోపలి పింగాణీ బీటవారినట్టే. కంటికి కనబడని ఆ బీట దారాన్ని మాత్రం కోసేస్తుంది. తడికర్రను గుడ్డసంచిలో పెడితే రింగుల కాళ్ల దగ్గర చుట్టిన దారం కింద మళ్లీ అదే ఉప్పు కథ. ఇంకోటి: కార్బను కర్రలో కరెంటు పారుతుంది. తీగల కిందా, ఉరుముల వేళా దాన్ని ఎత్తి పట్టుకోకండి.

నా రీలును కిరోసిన్‌తో కడిగి, బేరింగులు రెండు మార్చి, ఊడిన ప్రతి స్క్రూ మరకూ గ్రీజు రాసి బిగించాను. ఇప్పుడు బాగానే తిరుగుతోంది. ఆ ఒక్క స్క్రూ మాత్రం ఇప్పటికీ ఊడలేదు.