చంద్రుడికి వెళ్తూ భూమి చుట్టూ ఒకటిన్నర చుట్లు ఎందుకు?

అపోలో 11 నేరుగా చంద్రుడి వైపు పోకుండా ముందు భూమి చుట్టూ తిరగడం ఇంధనం దండగ కాదా అని చాలామంది అడుగుతారు. కాదు. కక్ష్యలో ఊరకే తిరగడానికి ఇంధనం అక్కర్లేదు. పుస్తకాల్లో భూమి నుంచి చంద్రుడికి తిన్నగా గీత గీసి చూపించడం వల్లే ఈ అనుమానం వస్తుంది.

నౌకను చంద్రుడి వైపు పంపే చివరి తోపు ఎక్కడ పడితే అక్కడ ఇవ్వలేం. చేరేనాటికి చంద్రుడు ఉండబోయే దిక్కుకు దాదాపు సరిగ్గా ఎదురుగా, భూమికి అవతలి పక్కన ఇవ్వాలి. చంద్రుడు దక్షిణానికి ఎంత దిగితే ఆ చోటు ఉత్తరానికి అంత జరుగుతుంది. అపోలో బయల్దేరే ఫ్లోరిడా కేప్ 28.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి నేరుగా పోవడానికి చంద్రుడు బాగా దక్షిణాన ఉండే కొద్ది రోజులే అనువు. సోవియట్ ప్రయోగ కేంద్రం బైకనూరు 46 డిగ్రీల దగ్గరుంది. చంద్రుడు అంత దక్షిణానికి ఎప్పుడూ దిగడు. అందుకే 1959లో చంద్రుడి మీదికి పంపిన సోవియట్ లూనా నౌకలను బాగా నిటారుగా పైకి ఎక్కించాల్సి వచ్చింది. అలా ఎక్కేకొద్దీ గురుత్వాకర్షణ వేగాన్ని తినేస్తుంది, మోయగలిగే బరువు తగ్గిపోతుంది.

185 కిలోమీటర్ల ఎత్తున తాత్కాలిక కక్ష్యలో ఉంటే ఆ చోటు మీదికి నౌకే వస్తుంది. ప్రయోగం ఆలస్యమైతే దిశను తూర్పుకు 18 డిగ్రీలు ఉత్తరం నుంచి 18 డిగ్రీలు దక్షిణం దాకా జరుపుకుంటూ పోవచ్చు. అపోలో 11కు అలా నాలుగు గంటలకు పైగా వ్యవధి దొరికింది. పైగా రెండున్నర గంటలు పరికరాలన్నీ చూసుకోవచ్చు. ఏదైనా తేడా ఉంటే ఇంటికి దిగిపోవచ్చు. మనుషులున్న నౌకకు ఇంతకన్నా ఏం కావాలి?

దీనికి చెల్లించే మూల్యం ఒకటే: ఆపిన ఇంజన్‌ను బరువులేనితనంలో మళ్లీ వెలిగించాలి. ట్యాంకులో ద్రవ హైడ్రోజన్ తేలిపోకూడదు. అపోలోను మోసిన సాటర్న్ రాకెట్ మూడో దశలో ఆవిరయ్యే హైడ్రోజన్‌ను వెనక్కి వదులుతూ ఆ చిన్న తోపుతోనే ద్రవాన్ని అడుగున ఉంచేవారు. వెలిగించే ముందు ఒక్కోటి సుమారు 32 కిలోల తోపునిచ్చే రెండు చిన్న ఇంజన్లు దాన్ని మరింత కుదురుగా కూర్చోబెట్టేవి.

అంత చేసినా 1968 ఏప్రిల్ 4న, మనుషుల్లేని అపోలో 6లో, ఆ ఇంజన్ రెండోసారి వెలగలేదు. ఇంజన్‌ను వెలిగించే ఇగ్నైటర్‌కు హైడ్రోజన్ తీసుకెళ్లే సన్నని గొట్టంలో, కొలిమితిత్తిలా మడతలుపడి వంగే ముక్క పగిలింది. నేల మీది పరీక్షల్లో ఇది ఎన్నడూ బయటపడలేదు. ఎందుకంటే మైనస్ 253 డిగ్రీల చలికి చుట్టూ ఉన్న గాలే ద్రవమై ఆ మడతల మీద పేరుకుని అదురును అణిచేసేది. శూన్యంలో గాలి లేదు, అదురు ఆగలేదు, లోహం అలసి తెగింది. శూన్యగదిలో పరీక్షించాక ఈ సంగతి తేలింది. మడతలు తీసేసి, వంపు తిరిగిన మామూలు గొట్టం పెట్టారు.

అదే ఏడాది డిసెంబరులో అపోలో 8లో ముగ్గురు మనుషులతో ఆ ఇంజన్ రెండోసారి వెలిగింది. అపోలో 11లో బయల్దేరిన 2 గంటల 44 నిమిషాలకు వెలిగి, ఆరు నిమిషాలు నిండకముందే వేగాన్ని సెకనుకు 7.8 నుంచి 10.8 కిలోమీటర్లకు చేర్చింది.